జోర్కి-4కి రెండో లెన్స్: 35 తీసుకోవాలా, 85 తీసుకోవాలా? ఎం39 అని రాసున్నవన్నీ పడతాయా?

ఓరుగల్లు నెగెటివ్ (హన్మకొండ):

అందరికీ నమస్తే. మా పెద్దనాయన వాడిన జోర్కి-4 కెమెరా ఇప్పుడు నా దగ్గరుంది. దానికి ఉన్నది ఒక్కటే లెన్స్, జూపిటర్-8, 50 ఎంఎం ఎఫ్/2. షట్టర్ అన్ని స్పీడ్లలో పడుతోంది, ఒక సెకను మాత్రం కొంచెం సాగినట్టు వినిపిస్తోంది, అది నాకు పెద్దగా అవసరం లేదు. కొన్ని రోల్స్ తీశాను, డెవలప్ చేయించాను, దూరంవి బాగానే వచ్చాయి, దగ్గరగా ఎఫ్/2లో, అంటే లెన్స్ పూర్తిగా తెరిచి తీసిన మనుషుల ఫోటోలు మాత్రం కొన్ని కళ్లు వదిలేసి చెవుల దగ్గర పదును పట్టుకున్నాయి.

నాకు రెండో లెన్స్ కావాలి. వేయిస్తంభాల గుడిలో 50తో నిలబడి తీయడానికి చోటే దొరకడం లేదు, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే వీపుకి స్తంభం తగులుతోంది. రామప్పకి పోతే ఇంకో బాధ, చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలు 50లో బొమ్మలో ఒక మూలన చిన్నగా పడుతున్నాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మా వాళ్లందరినీ తీయాలని కూడా మనసులో ఉంది. కాబట్టి 35 ఎంఎం (ఎక్కువ వెడల్పు పట్టేది) కొనాలా, 85 ఎంఎం (దూరంవి పెద్దగా చూపేది) కొనాలా అన్నది మొదటి ప్రశ్న.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో ఒకాయన హీలియోస్-44, 58 ఎంఎం ఎఫ్/2, ఎం39 థ్రెడ్ అని పెట్టాడు. ధర మస్తు తక్కువగా ఉంది. నా కెమెరాది కూడా 39 మిల్లీమీటర్ల థ్రెడ్డే కదా, ఎక్కించుకోవచ్చా? అట్లాగే నా దోస్తు దగ్గర కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉంది, కొన్న లెన్స్ దానికి కూడా వాడుకోగలిగితే ఇద్దరం సగం సగం వేసుకుందాం అనుకుంటున్నాం. తెలిసినవాళ్లు జర చెప్పండి, డబ్బు పెట్టేముందు అడుగుదామని రాస్తున్నా.


ఏకశిల 35:

తమ్మీ, ముందు ఆ హీలియోస్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. కొనకు. నీ కెమెరాకి అది ఎక్కుతుంది, చక్కగా బిగుసుకుంటుంది కూడా, కానీ ఒక్క ఫోటో కూడా పదునుగా రాదు.

కారణం ఇది. 39 మిల్లీమీటర్ల థ్రెడ్‌ని సోవియట్ వాళ్లు రెండు రకాల కెమెరాలకి వాడారు. ఒకటి జర్మనీ లైకా కెమెరా పద్ధతిలో నడిచే రేంజ్‌ఫైండర్లు (వ్యూఫైండర్‌లో రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ చేసేవి), అంటే ఫెడ్, జోర్కి. రెండోది తొలినాళ్ల జెనిట్, అది లోపల అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్. థ్రెడ్ చూడ్డానికి ఒక్కటే, కానీ లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా ఉండే దూరం వేరు. లైకా పద్ధతిలో అది 28.8 మిల్లీమీటర్లు, జెనిట్‌లో అద్దం పైకీ కిందికీ ఆడాలి కాబట్టి 45.2. అంటే జెనిట్ కోసం చేసిన హీలియోస్ నీ జోర్కి మీద కూర్చుంటే ఫిల్మ్‌కి 16.4 మిల్లీమీటర్లు ఎక్కువ దగ్గరైపోతుంది. నువ్వు ఫోకస్ రింగు ఎటు తిప్పినా ఆ తేడా పూడదు. మధ్యలో 16.4 మిల్లీమీటర్ల ట్యూబు పెడితే ఫోకస్ వస్తుంది కానీ రేంజ్‌ఫైండర్ పనిచేయదు, ప్రతిసారీ దూరం అంచనా వేసి లెన్స్ మీది అంకెలు చూసి పెట్టుకోవాలి. 58 ఎంఎం ఎఫ్/2కి ఆ పని పెట్టుకోవడం దండగ.

రేంజ్‌ఫైండర్ ఎందుకు పనిచేయదో కూడా తెలుసుకుంటే రేపు ఏ లెన్స్ కొన్నా నీకు పనికొస్తుంది. నీ జూపిటర్-8ని తీసి కెమెరా గొంతులోకి చూడు, పైన ఒక చిన్న లివర్ కనిపిస్తుంది, వేలితో మెల్లగా వెనక్కి తోస్తే వ్యూఫైండర్ మధ్యలోని పచ్చటి మచ్చలో రెండో బొమ్మ పక్కకి జరుగుతుంది. లెన్స్ వెనక నున్నగా మెరిసే ఒక ఇత్తడి లేదా అల్యూమినియం రింగు ఉంటుంది చూడు, ఫోకస్ తిప్పినప్పుడు అది ముందుకీ వెనక్కీ జరుగుతూ ఆ లివర్‌ని తోస్తుంది. ఏ లెన్స్ పెట్టారో కెమెరాకి తెలియదు, దానికి తెలిసిందల్లా ఆ లివర్ ఎంత కదిలింది అన్నదే. 50 లెన్స్ అయితే లెన్స్ ఎంత జరిగితే రింగు కూడా ఇంచుమించు అంతే జరుగుతుంది. 35 లెన్స్ అదే దూరానికి చాలా తక్కువ జరుగుతుంది, 85 చాలా ఎక్కువ జరుగుతుంది. అందుకని ఆ లెన్సుల లోపల రెండో థ్రెడ్ వేరే లెక్కతో కోసి, వెనక రింగు మాత్రం 50 లెన్స్ కదిలినట్టే కదిలేలా చేస్తారు. ఈ ఏర్పాటు వల్లే 1932లో లైకా 2 వచ్చినప్పటి నుంచి ఒకే బాడీ మీద రకరకాల లెన్సులు మార్చుకుంటూ కంటితో చూసి ఫోకస్ చేయగలిగారు. జెనిట్ లెన్సులో ఆ రింగే ఉండదు, అవసరం లేదు కాబట్టి.

ఇక 35 ఆ 85 ఆ అంటే, గుళ్లు తీస్తానంటున్నావు కాబట్టి నా ఓటు 35కే. జూపిటర్-12, 35 ఎంఎం ఎఫ్/2.8. లెక్క చాలా తేలిక, 35 లెన్స్‌తో నువ్వు ఎంత దూరంలో నిలబడితే అడ్డంగా దాదాపు అంత వెడల్పు పడుతుంది. పది మీటర్ల దూరం నుంచి పది మీటర్ల పైచిలుకు. అదే 50 అయితే పది మీటర్లకి 7.2 మాత్రమే. కోటలో కీర్తి తోరణం అయినా, వేయిస్తంభాల గుడి మండపం అయినా ఆ తేడా నీకు అక్కడికక్కడే కనిపిస్తుంది.


సిరిసిల్ల షట్టర్:

లెన్స్ తర్వాత, ముందు బాడీ సంగతి చూడాలె. ఎఫ్/2లో పదును చెవుల దగ్గర పడుతోందని నువ్వే రాశావు. రేంజ్‌ఫైండర్ తప్పు చూపిస్తుంటే 35 కొన్నా 85 కొన్నా ఆ తప్పు నీ వెంటే వస్తుంది, 85లో అయితే ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఖర్చు లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. కెమెరాలో ఫిల్మ్ లేనప్పుడు జోర్కి-4 వెనక భాగం మొత్తం కిందికి జారి ఊడి వస్తుంది, ఇది మనకి పెద్ద సౌకర్యం. ఫిల్మ్ ఆనుకునే పట్టాలు రెండు ఉంటాయి, లోపలి పట్టాల మీద బటర్ పేపర్ గానీ మసక టేపు గానీ ఎక్కడా వదులు లేకుండా బిగుతుగా అంటించు. స్పీడ్ బి మీద పెట్టి బటన్ నొక్కి పట్టుకో, నొక్కినంతసేపు షట్టర్ తెరిచే ఉంటుంది, కేబుల్ రిలీజ్ ఉంటే ఇంకా మంచిది. ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/2కి పూర్తిగా తెరువు. కాగితం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. మీటరున్నర దూరంలో న్యూస్‌పేపర్ గోడకి అంటించి, ముందు వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలూ ఒకటయ్యేలా ఫోకస్ చేసి, తర్వాత భూతద్దంతో కాగితం మీద అక్షరాలు పదునుగా ఉన్నాయా చూడు. లేకపోతే పదును వచ్చేదాకా రింగు ఎటు తిప్పాల్సి వచ్చిందో గుర్తుపెట్టుకో. ఆ తర్వాత రాత్రి చంద్రుణ్ని చూడు. రింగు ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం గుర్తు) దగ్గర ఆగినప్పుడు ఇద్దరు చంద్రుళ్లు ఒకరి మీద ఒకరు సరిగ్గా కూర్చోవాలి. పక్కకి జరిగితే ఇన్ఫినిటీ సెట్టింగ్ తప్పింది, పైకీ కిందికీ జరిగితే అది వేరే స్క్రూ. రెండూ సరిచేయొచ్చు కానీ చెయ్యి తిరిగిన మనిషి చేయాలె.

ఈ పరీక్ష చేసేముందు ఒక్క పని మరిచిపోవద్దు. రీవైండ్ నాబ్ చుట్టూ చిన్న లివర్ ఉంటుంది, అది నీ కంటి పవర్‌కి తగ్గట్టు వ్యూఫైండర్‌ని సరిచేసేది. చాలామందికి అది ఉందనే తెలియదు. అది ఎటో ఉంటే రెండో బొమ్మ మసకగా కనిపించి, ఎక్కడ కలిసిందో తేల్చుకోలేక ఫోకస్ తప్పుతుంది.

ఇంకోటి అందరికీ చెప్తున్నా. ఈ కెమెరాల్లో ఫిల్మ్ వైండ్ చేసిన తర్వాతే స్పీడ్ మార్చాలి. వైండ్ చేయకుండా తిప్పితే లోపల పళ్లు దెబ్బతింటాయి, ఆ తర్వాత సరిచేసే భాగాలు దొరకవు. ఫోకస్ రింగు గట్టిగా తిరుగుతోందని కుట్టుమిషన్ నూనె పోసేవాళ్లు ఉన్నారు, దయచేసి పోయకండి. ఆ బిగుతు పాత గ్రీజు ఎండిపోవడం వల్ల వచ్చింది, దాన్ని పూర్తిగా తుడిచి కొత్త గ్రీజు పెట్టాలి. నూనె పోస్తే రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, తర్వాత ఆ నూనె మెల్లగా పాకి ఎపర్చర్ రెక్కల మీదికీ లెన్స్ గాజుల మీదికీ చేరుతుంది.


మానేరు తీరం:

నేను కరీంనగర్ నుంచి. ఏకశిల అన్న చెప్పినదానికి ఒక్క దగ్గర ఒప్పుకోను. గుళ్లు ఎక్కడికీ పోవు తమ్ముడూ, మనుషుల ముఖాలు పోతాయి. నీ దగ్గర పెద్దనాయన కెమెరా ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, ముందు వాళ్లని తీసుకో. ముఖాలకి జూపిటర్-9, అంటే 85 ఎంఎం ఎఫ్/2, చాలా అందమైన లెన్స్. ఎపర్చర్‌కి పదిహేను రెక్కలు, అందుకే ఎంత మూసినా వెనకనున్న దీపాలు గుండ్రంగానే పడతాయి. బతుకమ్మ నాటి సాయంత్రం తంగేడు పూల వెనక దీపాలు వెలుగుతుంటే ఈ లెన్స్ ఏం చేస్తుందో చూస్తే నీకే అర్థమవుతుంది.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నా. 85ని ఎఫ్/2లో తెరిచి రెండు మీటర్ల దూరంలో మనిషిని తీస్తే పదునుగా ఉండే మందం ఆరేడు సెంటీమీటర్లే. ముక్కు కొస నుంచి కంటి దాకా లెక్క వేసుకో. జోర్కి-4లో రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరం 38 మిల్లీమీటర్లు, అదే ఫెడ్-2లో 67. ఆ దూరం ఎంత ఎక్కువుంటే ఫోకస్ అంత కచ్చితంగా తేలుతుంది. అందుకే నేను జూపిటర్-9ని ఫెడ్-2 మీదే వాడతాను, జోర్కి మీద ఎఫ్/4 దాకా మూస్తాను. సిరిసిల్ల అన్న చెప్పిన పరీక్ష చేయకుండా మాత్రం 85 కొనొద్దు. కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త, జూపిటర్-9 జోర్కి కోసం వచ్చింది, కీవ్ అనే ఇంకో సోవియట్ కెమెరా కోసం వచ్చింది, జెనిట్ కోసం ఎం39 థ్రెడ్‌తో కూడా వచ్చింది. పేరు ఒకటే. హీలియోస్‌తో ఉన్న చిక్కే ఇక్కడా ఉంటుంది కాబట్టి వెనక రింగు ఫోటో చూడకుండా డబ్బులు పంపొద్దు.

135 గురించి నువ్వు అడగలేదు కానీ మదనికల కోసం ఎవరో ఒకరు చెప్తారు. జూపిటర్-11, 135 ఎఫ్/4, ధర తక్కువే. కానీ వ్యూఫైండర్ చూపించేది 50 లెన్స్ బొమ్మ, అందులో 135కి పడేది నడుమ చిన్న పెట్టె అంత. దాంట్లో చూసి కూర్పు చేసుకోవడం విసుగు పుట్టిస్తుంది. పైగా రెండున్నర మీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాదు. ఆ పనికి ఎస్ఎల్ఆరే నయం.


ఓరుగల్లు నెగెటివ్:

అన్నలకీ అక్కకీ మస్తు థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బటర్ పేపర్ పరీక్ష చేశాను. ముందు ఆ చిన్న లివర్ తిప్పి చూస్తే రెండో బొమ్మ ఒక్కసారిగా స్పష్టంగా కనిపించింది, ఇన్నాళ్లూ మసకలోనే ఫోకస్ చేస్తున్నానని తెలిసింది. లివర్ సరిచేశాక మీటరున్నర దగ్గర అక్షరాలు పదునుగానే వస్తున్నాయి. చంద్రుణ్ని కూడా చూశాను, పక్కకి ఏమీ తేడా లేదు, పైకీ కిందికీ వెంట్రుకవాసి తేడా ఉంది, దాన్ని ఇప్పుడు కదిలించను.

జూపిటర్-9 ఎంత ఊరిస్తున్నా, ముందు 35 తీసుకుందామని అనిపిస్తోంది. రెండు చోట్ల జూపిటర్-12 దొరుకుతోంది. ఒకటి తెల్లటిది, ఫోకస్ రింగు కనిపించడం లేదు, వెనక భాగం ఫోటో కూడా పెట్టలేదు. ఇంకోటి నల్లది, వెనక ఫోటోలో గాజు బాగా బయటికి పొడుచుకొచ్చినట్టుంది, అది చూస్తే భయమేసింది, విరిగిపోయిందేమో అని. ఏది తీసుకోవాలి? 35 పెట్టినప్పుడు వ్యూఫైండర్‌లో ఎంత పడుతుందో ఎట్లా తెలుస్తుంది?


ఏకశిల 35:

లివర్‌తోనే సగం సమస్య తీరింది, సంతోషం.

తెల్లదాని మీద నాకు అనుమానం. అది కీవ్ మౌంట్ (లెన్స్ కెమెరాకి పట్టుకునే ఏర్పాటు) అయి ఉండొచ్చు. కీవ్ కెమెరా జర్మనీ కాంటాక్స్‌ని చూసి చేసింది, యుద్ధం తర్వాత ఆ యంత్రాలు, నమూనాలు సోవియట్ యూనియన్‌కి తరలించాక 1947 నుంచి కీవ్ పేరుతో తయారైంది. దానికి థ్రెడ్ ఉండదు, కొంచెం తిప్పితే బిగిసే బయోనెట్ ఉంటుంది, ఫోకస్ తిప్పే ఏర్పాటు కెమెరా గొంతులోనే ఉంటుంది. అందుకే కీవ్ లెన్సుల్లో చాలావాటికి సొంత ఫోకస్ రింగు ఉండదు. జూపిటర్-8, 9, 12 మూడూ రెండు మౌంట్లలోనూ వచ్చాయి. అమ్మేవాళ్లకి చాలాసార్లు ఈ తేడా తెలియదు, మోసం చేయాలని కాదు. వెనక ఫోటో పంపమను, పంపకపోతే వదిలేయ్.

నల్లదాన్ని చూసి భయపడకు. జూపిటర్-12 అట్లాగే ఉంటుంది. దాని మూలం జైస్ బయోగన్, లుడ్విగ్ బెర్టెలె గీసిన డిజైన్, నీ జూపిటర్-8కి మూలమైన సోనార్ కూడా ఆయనదే. ఎస్ఎల్ఆర్‌లో అద్దం అడ్డం ఉంటుంది కాబట్టి వైడ్ లెన్స్‌ని ఫిల్మ్‌కి దూరంగా ఉంచి తిప్పలు పడాలి. రేంజ్‌ఫైండర్‌లో ఆ అడ్డు లేదు, వెనక గాజుని ఫిల్మ్ దగ్గర దాకా తీసుకుపోవచ్చు. అందుకే ఆ కాలంలోనే 35లో గీతలు వంకరపోకుండా ఇంత బాగా చేయగలిగారు. గుడి స్తంభాలు తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి. ఆ వెనక గాజే నీకు ప్రాణం, దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టకు, లోతుగా ఉండే వెనక మూత ఇస్తేనే తీసుకో, మామూలు పలచటి మూత పడితే గాజుకి తగులుతుంది. కెమెరాకి పెట్టేటప్పుడు వంకరగా దూర్చకుండా నిటారుగా పెట్టి తిప్పు.

ఎపర్చర్ తిప్పే రింగు కూడా వింతగా ఉంటుంది, లెన్స్ ముందు గాజు చుట్టూ లోపలికి ఉంటుంది, వేళ్లు గాజుకి తగలకుండా తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఎపర్చర్ ఎఫ్/8, దూరం 5 మీటర్లు పెట్టి వదిలేస్తే రెండున్నర మీటర్ల నుంచి ఇన్ఫినిటీ దాకా అన్నీ పదునుగా ఉంటాయి, పగటిపూట ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు. రామప్ప లోపల మాత్రం ఆ సుఖం లేదు, 400 ఫిల్మ్ వేసినా ఎఫ్/2.8కి తెరిచి 1/30 సెకనుకి దిగాల్సి వస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో ఎగిరే అద్దం లేదు కాబట్టి ఊపిరి బిగబట్టి స్తంభానికి ఆనుకుంటే 1/30లో చేతితో వస్తాయి.

వ్యూఫైండర్ సంగతి. నీ జోర్కి కిటికీ 50కే. 35కి కెమెరా నెత్తి మీద అమర్చుకునే విడి ఫైండర్ దొరుకుతుంది. పాత సోవియట్ గుండ్రటి ఫైండర్ ఒకటుంది, 28, 35, 50, 85, 135 అయిదింటికీ తిప్పుకోవచ్చు, బరువు ఎక్కువ, కానీ రేపు 85 కొన్నా అదే పనికొస్తుంది. డబ్బులు లేకపోతే ఇప్పుడే కొనకు. 35లో 50 కన్నా మొత్తం మీద 43 శాతం ఎక్కువ వెడల్పు పడుతుంది, అంటే నీ కిటికీలో కనిపించేదానికి కుడి ఎడమల అయిదో వంతు చొప్పున కలుపుకో. కొన్నాళ్లు తీస్తే కంటికే తెలిసిపోతుంది.


కాజీపేట జంక్షన్:

డీఎస్ఎల్ఆర్ ప్రశ్న అందరూ వదిలేశారు కాబట్టి నేను చెప్తా. లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సార్ దాకా ఉండే దూరం కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. నీ లెన్స్‌కి కావాల్సింది 28.8. లెన్స్‌ని కెమెరా లోపలికి 15 మిల్లీమీటర్లు దూర్చలేం కదా, దూర్చినా అద్దం కొట్టుకుంటుంది. కాబట్టి ఆ కెమెరాకి లాభం లేదు, పూల రేకులు దగ్గరగా తీయడం తప్ప. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) అయితే దివ్యంగా పనిచేస్తాయి. సోనీ ఇ మౌంట్‌లో దూరం 18 మిల్లీమీటర్లే, మిగిలిన 10.8ని ఒక ఖాళీ లోహపు రింగు పూడుస్తుంది, అందులో గాజు ఉండదు, ఖరీదూ తక్కువే. సెన్సార్ చిన్నదైతే 50 లెన్స్ 75 లాగా కనిపిస్తుంది, అది ముఖాలకి బాగుంటుంది. జూపిటర్-12ని మాత్రం డిజిటల్ బాడీకి పెట్టేముందు వెనక గాజు లోపల దేనికీ తగలదని తేల్చుకోవాలి.

లైకా ఎం బాడీ ఎవరి దగ్గరైనా ఉంటే దానికీ దారి ఉంది. 1954లో ఎం3 వచ్చినప్పుడు వాళ్లు కొత్త మౌంట్‌ని 27.8 మిల్లీమీటర్లకి పెట్టారు, పాతదానికన్నా సరిగ్గా ఒక మిల్లీమీటరు తక్కువ, ఆ ఒక్క మిల్లీమీటరు మందం ఉన్న అడాప్టర్‌తో పాత థ్రెడ్ లెన్సులన్నీ రేంజ్‌ఫైండర్‌తో సహా పనిచేస్తాయి. కొన్నవాళ్ల పాత లెన్సులు మూలన పడకూడదని ఆలోచించి చేసిన పని అది, నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలిగింది అక్కడే. సోవియట్ 50, 85 లెన్సులు లైకా బాడీ మీద దగ్గరి దూరాల్లో, పూర్తిగా తెరిచినప్పుడు కొంచెం ఫోకస్ తప్పుతాయి, వీటి లెక్క కాంటాక్స్ కొలత మీద వేసింది కాబట్టి. వైడ్‌లో ఆ తేడా కనిపించదు.

ఇప్పుడు మన ఊరికి సంబంధించిన మాట. ఈ కెమెరాల షట్టర్ రబ్బరు పూసిన గుడ్డ, దాని ముందు అద్దం అడ్డు ఉండదు. మే నెల ఎండలో మెడలో కెమెరా వేలాడుతూ లెన్స్ ఆకాశం వైపు తిరిగి ఉంటే, ఇన్ఫినిటీలో ఎఫ్/2కి తెరిచి ఉంటే, భూతద్దంతో కాగితం కాల్చినట్టే సూర్యుడు ఆ గుడ్డని కాలుస్తాడు. సూదిమొన అంత చిల్లు చాలు, ప్రతి ఫోటోలో తెల్లచుక్క పడుతుంది. తీయనప్పుడు మూత పెట్టు. మూత దొరక్కపోతే ఎఫ్/16కి మూసి, ఫోకస్ మీటరు దగ్గర పెట్టి తిరుగు.

వానాకాలంలో ఫంగస్. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడం అందరూ చేసే పని, తోలు తేమ పీల్చుకుని పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, జెల్ రంగు మారితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. కొనే లెన్స్‌లోకి వెనక నుంచి టార్చి వేసి చూడమను, సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే వద్దు. చిన్న గీతలు పర్వాలేదు, లోపల పొగ పట్టినట్టు మసక ఉంటే బేరం ఆడు.

ఒక చివరి సంగతి. బంగారు రంగు పూసి జర్మన్ సైన్యం గుర్తులు చెక్కిన లైకాలు కోఠిలోనో ఆన్‌లైన్‌లోనో కనిపిస్తే మోసపోవద్దు. అవి దాదాపు అన్నీ ఫెడ్, జోర్కిలకి వేసిన వేషం. లెన్స్ తీసి గొంతులోని లివర్ చూస్తే తెలిసిపోతుంది, లైకాలో దాని చివర చిన్న చక్రం ఉంటుంది, పాత ఫెడ్, జోర్కిల్లో చెక్క చీలికలాంటి మొన ఉంటుంది.


ఓరుగల్లు నెగెటివ్:

నల్ల జూపిటర్-12 ఆయనని అడిగాను, టార్చి వేసిన ఫోటో, వెనక రింగు ఫోటో రెండూ పంపాడు. థ్రెడ్డే, గాజు శుభ్రంగా ఉంది, లోతైన ప్లాస్టిక్ మూత కూడా ఇస్తానన్నాడు. దోస్తు డీఎస్ఎల్ఆర్ సంగతి తేలిపోయింది కాబట్టి ఒక్కడినే కొంటున్నా, ఫైండర్ వచ్చే నెల చూస్తాను. లెన్స్ రాగానే ఫిల్మ్ వేసేయొచ్చా, లేదా దానికీ బటర్ పేపర్ పరీక్ష చేయాలా?


సిరిసిల్ల షట్టర్:

చెయ్యి, తప్పకుండా చెయ్యి. పాత లెన్సుల్లో గాజు భాగానికీ ఫోకస్ భాగానికీ మధ్య సన్నటి లోహపు వాషర్లు ఉంటాయి, ఎవరో ఒకరు శుభ్రం చేయడానికి విప్పి ఒక వాషర్ తిరిగి పెట్టకపోతే లెన్స్ మొత్తం ఫోకస్ తప్పుతుంది. ఎఫ్/2.8లో, ఒకసారి మీటరు దూరంలో, ఒకసారి కిలోమీటరు అవతలి సెల్ టవర్ మీద చూడు. నీ జూపిటర్-8తో సరిగ్గా ఉండి దీంతో తప్పుతోందంటే తప్పు ఈ లెన్స్‌దే, బాడీ స్క్రూల జోలికి పోవద్దు, అమ్మినవాడికి అదే రోజు రాయి. రెండు దూరాల్లోనూ పదును వస్తే 400 ఫిల్మ్ వేసుకుని పొద్దున్నే రామప్ప ఉన్న పాలంపేట బస్సెక్కు.